వీసీకి సన్మానం: గౌరవం ఎవరిస్తారు, అందులో ఏది నిలుస్తుంది

క్లుప్తంగా

విశ్వవిద్యాలయ సారథికి దక్కే గౌరవాలన్నీ ఒక్క రకం కావు. సన్మాన సభ, గౌరవ డాక్టరేట్, ధర్మనిధి పతకం, భవనానికి పేరు, పద్మ పురస్కారం. వీటిలో ఒక్కోటి ఒక్కో చోట నిర్ణయమవుతుంది. మన రాష్ట్ర విశ్వవిద్యాలయాల్లో వైస్ ఛాన్సలర్ (వీసీ) పదవీకాలం మూడేళ్లు. చేసిన పనికి ఫలితం మాత్రం ఆ మూడేళ్లు దాటాకే కనిపిస్తుంది. కాబట్టి కుర్చీలో ఉండగా కప్పే శాలువా కంటే, పనిచేస్తున్న ఒక గ్రంథాలయానికో కళాశాలకో నిధికో ముడిపడిన గౌరవమే ఎక్కువ కాలం నిలిచింది. బెజవాడలో మొదలైన ఆంధ్ర విశ్వవిద్యాలయం చరిత్రే ఇందుకు దాఖలా.

ఇప్పుడు ఈ చర్చ ఎందుకు

విజయవాడ, గుంటూరు మధ్య దూరం ముప్పై కిలోమీటర్ల పైచిలుకు. ఈ కొద్దిపాటి మేరలో, దాని చుట్టుపక్కల విశ్వవిద్యాలయాలు చాలానే ఉన్నాయి. నాగార్జున నగర్‌లో ఆచార్య నాగార్జున విశ్వవిద్యాలయం, విజయవాడలో ఆరోగ్య విశ్వవిద్యాలయం, గుంటూరు శివారు లాంలో ఆచార్య ఎన్.జి. రంగా వ్యవసాయ విశ్వవిద్యాలయం ఉన్నాయి. వడ్లమూడి, వడ్డేశ్వరంలో డీమ్డ్ విశ్వవిద్యాలయాలు, అమరావతి ప్రాంతంలో ప్రైవేటు విశ్వవిద్యాలయాలు వెలిశాయి. సారథులు ఇంతమంది ఉన్నచోట సత్కారాలకూ కొదవుండదు. తుమ్మలపల్లి వారి క్షేత్రయ్య కళాక్షేత్రంలోనో, గుంటూరు శ్రీ వేంకటేశ్వర విజ్ఞాన మందిరంలోనో ఇలాంటి సభలు ఈ ప్రాంత పాఠకులకు కొత్త కాదు.

రెండు పరిణామాలు ఈ విషయాన్ని ముందుకు తెచ్చాయి. 2024లో ప్రభుత్వం మారిన తర్వాత పలు రాష్ట్ర విశ్వవిద్యాలయాల వైస్ ఛాన్సలర్లు రాజీనామా చేశారు. కొన్ని నెలలు ఇన్‌ఛార్జి వీసీలతో నడిచాక, 2025 ఫిబ్రవరిలో చాలాచోట్ల కొత్తవారు వచ్చారు. రెండోది, 1926 ఏప్రిల్ 26న పుట్టిన ఆంధ్ర విశ్వవిద్యాలయానికి 2026తో నూరేళ్లు. పాత సారథుల పేర్లు మళ్లీ వినబడే సందర్భమిది. ఎవరి సేవను గౌరవించాలి, ఎప్పుడు, ఏ రూపంలో అన్న ప్రశ్నలు సహజంగానే వస్తాయి. సన్మాన వార్తలు చదివే పాఠకుడికి ఏ గౌరవానికి ఎంత విలువ ఇవ్వాలో తేల్చుకోవడం మాత్రం అంత తేలిక కాదు.

పదవి వచ్చే దారి

1991 నాటి ఆంధ్రప్రదేశ్ విశ్వవిద్యాలయాల చట్టం ప్రకారం రాష్ట్ర గవర్నర్ ఛాన్సలర్. వైస్ ఛాన్సలర్‌ను ఆయనే నియమిస్తారు. అయితే పేర్లు వెతికేది ముగ్గురు సభ్యుల సెర్చ్ కమిటీ. అందులో ఒకరు విశ్వవిద్యాలయ పాలకమండలి ప్రతినిధి, ఒకరు యూజీసీ (విశ్వవిద్యాలయ నిధుల సంఘం) ప్రతినిధి, మరొకరు రాష్ట్ర ప్రభుత్వ ప్రతినిధి. కమిటీ ఇచ్చే మూడు పేర్లలో ఒకరికి మూడేళ్ల కాలానికి పదవి దక్కుతుంది. మళ్లీ నియమించే వీలూ ఉంది. యూజీసీ 2018 నిబంధనల ప్రకారం ప్రొఫెసర్‌గానో, పేరున్న పరిశోధన లేదా విద్యా పరిపాలన సంస్థలోనో కనీసం పదేళ్ల అనుభవం ఉండాలి. 2025 జనవరిలో యూజీసీ విడుదల చేసిన ముసాయిదా, పరిశ్రమల నుంచీ ప్రజా పరిపాలన నుంచీ వచ్చేవారికి కూడా తలుపు తెరవాలని, సెర్చ్ కమిటీని ఛాన్సలరే ఏర్పాటు చేయాలని ప్రతిపాదించింది. తమిళనాడు, కేరళ వంటి రాష్ట్రాలు దాన్ని గట్టిగా వ్యతిరేకించాయి.

ప్రైవేటు విశ్వవిద్యాలయాలకు 2016 నాటి రాష్ట్ర చట్టం వేరుగా ఉంది. డీమ్డ్ సంస్థలకు యూజీసీ నిబంధనలు వర్తిస్తాయి. అక్కడ స్థాపించిన ట్రస్టు లేదా సొసైటీ మాటే ఎక్కువగా చెల్లుతుంది కాబట్టి గౌరవాల లెక్క కూడా వేరు. ఈ వ్యాసం ప్రధానంగా ప్రభుత్వ విశ్వవిద్యాలయాల గురించే.

పూర్వం ఈ పద్ధతి ఇలా ఉండేది కాదు. ఆంధ్ర విశ్వవిద్యాలయం తొలినాళ్లలో వైస్ ఛాన్సలర్‌ను సెనెట్, అంటే విశ్వవిద్యాలయ ప్రతినిధుల సభ, ఎన్నుకునేది. పదవి సహచరుల ఓటుతో వచ్చినప్పుడు, ఆ ఎన్నికే ఒక గౌరవం. ప్రభుత్వ ఉత్తర్వుతో వచ్చినప్పుడు పదవి వేరు, గౌరవం వేరు. ఆ రెండింటినీ కలిపి చూడటం వల్లే నియామక ఉత్తర్వు వెలువడిన వారంలోనే 'విద్యారంగానికి విశేష సేవ' చేశారంటూ ఫ్లెక్సీలు వెలుస్తుంటాయి.

మూడేళ్లలో కనిపించేది ఎంత

విశ్వవిద్యాలయంలో ఒక కొత్త కోర్సుకు, పాఠ్యాంశాలు ఖరారు చేసే బోర్డ్ ఆఫ్ స్టడీస్ నుంచి అనుమతులన్నీ వచ్చి, తొలి బ్యాచ్ బయటికి రావడానికే మూడేళ్లు చాలవు. పీహెచ్‌డీ పరిశోధనకు నాలుగైదేళ్లు పడుతుంది. అధ్యాపకుల నియామకం నోటిఫికేషన్, రిజర్వేషన్ల రోస్టర్, ఇంటర్వ్యూ, కోర్టు వ్యాజ్యాల మీదుగా సాగి ఎప్పటికి తెములుతుందో చెప్పలేం. ఇవాళ ప్రారంభోత్సవం జరుపుకున్న భవనానికి శంకుస్థాపన అంతకుముందున్న వీసీ హయాంలో జరిగి ఉంటుంది. ఇవాళ తెచ్చిన నిధుల ఫలితం తర్వాత వచ్చేవారి ఖాతాలో పడుతుంది.

నాగార్జున విశ్వవిద్యాలయం ఉదాహరణే చూడవచ్చు. 1967లో గుంటూరులో ఆంధ్ర విశ్వవిద్యాలయ పీజీ కేంద్రంగా మొదలై, 1976లో సొంత విశ్వవిద్యాలయమైంది. 2004లో పేరు ముందు 'ఆచార్య' చేరింది. గుంటూరు, కృష్ణా, ప్రకాశం జిల్లాల కళాశాలలన్నీ ఒకప్పుడు దాని కిందే ఉండేవి. 2008లో మచిలీపట్నంలో కృష్ణా విశ్వవిద్యాలయం, ఆ తర్వాత ఒంగోలులో ఆంధ్రకేసరి విశ్వవిద్యాలయం ఏర్పడ్డాయి. అనుబంధ కళాశాలలు తగ్గితే వాటి ఫీజుల ఆదాయం తగ్గుతుంది. పరీక్షల భారమూ తగ్గుతుంది. మూడు జిల్లాల కాలంలో పనిచేసిన వీసీనీ, ఆ తర్వాత వచ్చినవారినీ ఒకే త్రాసులో తూచడం న్యాయం కాదు. పరిస్థితిని పక్కనబెట్టి 'ఫలానావారి హయాంలో ఆదాయం పెరిగింది', 'ఫలానావారి హయాంలో పడిపోయింది' అని రాసే పొగడ్తకూ తెగడ్తకూ అర్థం లేదు.

బెజవాడలో మొదలైన కథ

ఆంధ్ర విశ్వవిద్యాలయం పుట్టింది బెజవాడలోనే. 1926లో ప్రధాన కార్యాలయం ఇక్కడ తెరిచారు. శాశ్వత కేంద్రం ఎక్కడుండాలన్నదానిపై బెజవాడ, రాజమహేంద్రవరం, విశాఖపట్నం, అనంతపురం వర్గాల మధ్య పెద్ద వాదమే నడిచింది. చివరికి 1930లో విశాఖపట్నంలోని వాల్తేరుకు తరలింది. ఈ రగడ మధ్య విశ్వవిద్యాలయాన్ని నిలబెట్టిన తొలి వైస్ ఛాన్సలర్ కట్టమంచి రామలింగారెడ్డి. జయపురం మహారాజా విక్రమదేవ వర్మ ఏటా లక్ష రూపాయలు ఇవ్వడానికి ముందుకొచ్చారు. అప్పటి లక్ష రూపాయలంటే ఒక సంస్థకు ప్రాణం పోసేంత మొత్తం.

రెడ్డి నాయకత్వంలో అన్నిటికంటే గుర్తుండేది ఆయన పదవి వదులుకున్న తీరు. శాసనోల్లంఘన ఉద్యమాన్ని బ్రిటిష్ ప్రభుత్వం అణచివేసిన తీరుకు నిరసనగా ఆయన రాజీనామా చేశారు. 1931లో సర్వేపల్లి రాధాకృష్ణన్ వచ్చారు. 1936లో రెడ్డి తిరిగి ఎన్నికై 1949 వరకు కొనసాగారు. రాజీనామా చేసినవారినే సెనెట్ మళ్లీ పిలిచి కూర్చోబెట్టడం కంటే పెద్ద సన్మానపత్రం ఏముంటుంది?

రాధాకృష్ణన్ ఐదేళ్ల పనిని అంచనా వేయాలంటే ఆయన ఎవరిని పిలిచి తెచ్చారో చూడాలి. భౌతికశాస్త్రంలో సూరి భగవంతం, రసాయనశాస్త్రంలో టి.ఆర్. శేషాద్రి ఆ రోజుల్లోనే వాల్తేరుకు వచ్చారు. హీరేన్ ముఖర్జీ, హుమాయూన్ కబీర్ కూడా అక్కడ పాఠాలు చెప్పారు. కృష్ణా జిల్లా ఆగిరిపల్లిలో పుట్టిన భగవంతం తర్వాత ఉస్మానియా వైస్ ఛాన్సలర్‌గా, బెంగళూరు భారత విజ్ఞాన సంస్థ డైరెక్టర్‌గా, రక్షణ మంత్రికి శాస్త్ర సలహాదారుగా పనిచేశారు. ఒక వీసీ చేసిన నియామకాలు పాతికేళ్ల తర్వాత దేశానికి ఎలా అక్కరకొచ్చాయో ఇక్కడ తెలుస్తుంది. 1936లో రాధాకృష్ణన్ పదవి దిగిన రోజున ఈ సంగతి ఎవరికీ తెలిసే అవకాశం లేదు.

వారి పేర్లు ఈనాటికీ ఎక్కడున్నాయో గమనిస్తే ఒక తీరు కనిపిస్తుంది. స్నాతకోత్సవాలు జరిగే మందిరానికి సి.ఆర్. రెడ్డి పేరుంది. గ్రంథాలయానికి 1949 నుంచి 1961 వరకు వీసీగా ఉన్న వాసిరెడ్డి శ్రీకృష్ణ పేరుంది. 1968–74 మధ్య సారథ్యం వహించిన లంకపల్లి బుల్లయ్య పేరుతో విశాఖలో ఏకంగా ఒక కళాశాలే నడుస్తోంది. దళిత కుటుంబం నుంచి వచ్చి ఆ కుర్చీ దాకా ఎదిగిన బుల్లయ్య పేరును ఏటా వేల మంది విద్యార్థులు తమ సర్టిఫికెట్ల మీద చూసుకుంటారు. ఈ మూడు చోట్లా పేరు రోజూ వాడుకలో ఉన్నదానికే తగిలింది. విగ్రహం దగ్గరికి జయంతికీ వర్ధంతికీ వెళతారు. గ్రంథాలయానికి రోజూ వెళతారు.

దీనికి భిన్నమైన ఉదాహరణ ఒకటుంది, దాన్ని దాటవేయకూడదు. ఏలూరులో సర్ సి.ఆర్. రెడ్డి కళాశాల 1945లో, అంటే రెడ్డి ఇంకా వీసీగా ఉన్న కాలంలోనే ఆయన పేరుతో మొదలైంది. పదవిలో ఉన్నవారి పేరు పెట్టడం తప్పని గీత గీస్తే ఈ కళాశాల ఆ గీత దాటినట్టే. అయితే అప్పటికి ఆయన సేవ ఒక్క మూడేళ్ల విడతది కాదు. రెండు విడతలు కలిపితే దాదాపు పదమూడేళ్లు, మధ్యలో ఒక రాజీనామా. కాలపరీక్ష పదవిలో ఉండగానే పూర్తయిన అరుదైన సందర్భమది. ఆ కళాశాల ఎనభై ఏళ్లుగా నడుస్తూ ఆ నిర్ణయానికి బలం చేకూర్చింది.

గుంటూరు జిల్లా సంగం జాగర్లమూడిలో పుట్టిన తత్వవేత్త కొత్త సచ్చిదానందమూర్తిది మరో దారి. శ్రీ వేంకటేశ్వర విశ్వవిద్యాలయానికి వైస్ ఛాన్సలర్‌గా, యూజీసీ ఉపాధ్యక్షుడిగా పనిచేశారు. 1984లో పద్మభూషణ్, 2001లో పద్మవిభూషణ్ అందుకున్నారు. రెండో పురస్కారం వచ్చేనాటికి ఆయన ఏ పదవిలోనూ లేరు. ఆయన పాండిత్యాన్నీ పరిపాలననూ విడదీసి చూడటం కష్టం. విడదీయాల్సిన అవసరం కూడా లేదు.

పేరు పెట్టే అధికారం

విశ్వవిద్యాలయానికే పేరు పెట్టడం, లోపలి భవనానికి పేరు పెట్టడం రెండూ వేర్వేరు వ్యవహారాలు. మొదటిదానికి శాసనసభ చట్టం మార్చాలి. రెండోదానికి పాలకమండలి తీర్మానం సరిపోతుంది. అందుకే విశ్వవిద్యాలయాల పేర్లు ఎక్కువగా రాజకీయ నాయకులకూ, భవనాల పేర్లు విద్యావేత్తలకూ దక్కుతుంటాయి.

విజయవాడ ఆరోగ్య విశ్వవిద్యాలయం ఇందుకు దగ్గరి ఉదాహరణ. 1986లో ఆంధ్రప్రదేశ్ ఆరోగ్య విజ్ఞాన విశ్వవిద్యాలయంగా ఏర్పడింది. 1998లో ఎన్టీఆర్ పేరు, 2022లో వైఎస్సార్ పేరు, 2024లో తిరిగి ఎన్టీఆర్ పేరు వచ్చాయి. ఇద్దరు నాయకుల అభిమానులకూ చెప్పుకోవడానికి కారణాలున్నాయి. ఒకరు ఆ సంస్థను స్థాపించారు, మరొకరు ఆరోగ్యశ్రీ ప్రవేశపెట్టారు. కానీ ఒకే కోర్సులో చేరిన వైద్య విద్యార్థి చేరేటప్పుడు ఒక పేరు, మధ్యలో ఒక పేరు, బయటికొచ్చేటప్పుడు మళ్లీ పాత పేరు చూశాడు. విదేశాల్లో రిజిస్ట్రేషన్‌కు దరఖాస్తు చేసే డాక్టరు ఈ పేర్లన్నీ ఒకే సంస్థవని రుజువు చేసుకోవాలి. గౌరవం చట్టసభ సంఖ్యాబలం మీద ఆధారపడితే దానికి భద్రత ఉండదు. పాలకమండలి తీర్మానంతో పెట్టిన గ్రంథాలయం పేరు అంత తొందరగా మారదు, ఎందుకంటే దాన్ని మార్చడం వల్ల ఎవరికీ రాజకీయ లాభం లేదు.

విగ్రహాల విషయంలో మరో అడ్డు ఉంది. ప్రజారహదారులు, కాలిబాటలు, ప్రజోపయోగ స్థలాల్లో కొత్త విగ్రహాలకు అనుమతి ఇవ్వవద్దని సుప్రీంకోర్టు 2013 జనవరిలో రాష్ట్రాలను ఆదేశించింది. ప్రాంగణం లోపలి నిర్ణయం విశ్వవిద్యాలయానిదే అయినా, గేటు బయట కూడలిలో పెట్టాలనుకునేవారు ఈ ఆదేశాన్ని చూసుకోవాలి.

గౌరవ డాక్టరేట్‌కు పాలకమండలి తీర్మానం, ఛాన్సలర్ ఆమోదం అవసరం. అది పరిశోధన చేసి సంపాదించే పీహెచ్‌డీతో సమానం కాదు. ఆంధ్ర విశ్వవిద్యాలయం ఇచ్చే 'కళాప్రపూర్ణ' ఈ కోవలోదే. పద్మ పురస్కారాలకు ఎవరైనా ఎవరి పేరైనా ప్రతిపాదించవచ్చు, తమ పేరు తామే పంపుకోవచ్చు కూడా. ఏటా ఇచ్చేవి 120కి మించకూడదన్న పరిమితి ఉంది. మరణానంతరం ఇచ్చేవీ, విదేశీయులకూ ప్రవాస భారతీయులకూ ఇచ్చేవీ ఆ లెక్కలోకి రావు. వాటిని పేరుకు ముందో వెనకో బిరుదుగా తగిలించుకోరాదని సుప్రీంకోర్టు 1995లోనే తేల్చింది. అయినా మన ఆహ్వానపత్రికల్లో 'పద్మశ్రీ' పేరు ముందే ఉంటుంది.

పతకం చిన్నబోయే లెక్క

కుటుంబసభ్యులు, శిష్యులు ఎక్కువగా ఎంచుకునేది ధర్మనిధి. కొంత మొత్తం విశ్వవిద్యాలయంలో జమ చేస్తారు, దానిపై వడ్డీతో ఏటా ప్రథమ శ్రేణి విద్యార్థికి బంగారు పతకమో, ఒక స్మారకోపన్యాసమో ఏర్పాటవుతుంది. ఆలోచన మంచిదే, కానీ లెక్క కాలానికి ఆగదు.

2005 ప్రాంతంలో ఒక మాజీ వీసీ పేరిట లక్ష రూపాయలు జమ చేశారనుకుందాం. ఏడు శాతం వడ్డీ అనుకుంటే ఏటా 7,000 రూపాయలు. ఆనాడు పది గ్రాముల బంగారం ధర దాదాపు అంతే. నిజమైన బంగారంతో చెప్పుకోదగ్గ పతకం చేయించవచ్చు. 2025లో పది గ్రాముల ధర లక్ష రూపాయలు దాటింది. అదే నిధి, అదే వడ్డీ, అదే 7,000కు ఇప్పుడు ఒక్క గ్రాము కూడా రాదు. చాలాచోట్ల పతకం వెండికో మరో లోహానికో బంగారు పూతగా మారిపోవడం ఈ లెక్క వల్లే. స్నాతకోత్సవ వేదికపై విద్యార్థి మెడలో అది మెరుస్తుంది. ఇచ్చినవారి ఉద్దేశం మాత్రం చాలావరకు కరిగిపోయి ఉంటుంది.

దీనికి విరుగుడు తెలియనిది కాదు. ఏటా వచ్చే వడ్డీలో మూడో వంతు తిరిగి అసలుకు కలుపుతూ పోతే ఇరవై ఏళ్లలో ఆ లక్ష సుమారు 1,58,000 అవుతుంది. అది బంగారం ధరను అందుకోలేదు. కానీ నిధి ఎండిపోకుండా ఉంటుంది. బంగారం అన్న మాటను వదిలేసి, ఆ మొత్తాన్ని ఒక పేద విద్యార్థి పరీక్ష ఫీజుకో పుస్తకాలకో కేటాయిస్తే ఇంకా మేలు. దాత పెట్టిన షరతులను మార్చాలంటే కుటుంబం అంగీకారం, పాలకమండలి తీర్మానం కావాలి. కొత్తగా నిధి పెట్టేవారు ఈ వెసులుబాటును ఒప్పందంలోనే రాసుకుంటే తర్వాతి తరానికి ఈ చిక్కు ఉండదు.

ప్రజాసేవకు కొలత ఎక్కడ

నాయకత్వాన్ని, ప్రజాసేవను కొలిచే సాధనాలు లేవా అంటే, పాక్షికంగా ఉన్నాయి. ఉన్నత విద్యాసంస్థలకు గ్రేడ్లిచ్చే న్యాక్ ఏడు ప్రమాణాల్లో ఆరోది పరిపాలన, నాయకత్వం, నిర్వహణ. విశ్వవిద్యాలయాలకు వెయ్యి మార్కులుంటే దీనికి వంద. కేంద్ర విద్యాశాఖ ఇచ్చే ఎన్ఐఆర్ఎఫ్ ర్యాంకుల్లో బోధన, పరిశోధనలకు చెరో 30 శాతం, విద్యార్థుల ఫలితాలకు 20 శాతం, మిగతా రెండిటికి చెరో పది. ఆ పదిలో ఒకటి చేరువ, అందరికీ అవకాశం అన్న పేరుతో ఉంటుంది. కానీ అందులో లెక్కించేది మహిళా విద్యార్థులు ఎంతమంది, ఇతర రాష్ట్రాల వారు ఎంతమంది, పేద విద్యార్థులకు ఫీజు సాయం ఎంత, దివ్యాంగులకు సౌకర్యాలున్నాయా అన్నవే. ఇవి అవసరమైన ప్రమాణాలే. అయితే చుట్టుపక్కల ఊళ్లకు విశ్వవిద్యాలయం వల్ల జరిగిన మేలు ఈ ర్యాంకుల లెక్కలో కనిపించదు.

ఆ మేలు ఎలా ఉంటుందో లాం చూపిస్తుంది. అక్కడి వ్యవసాయ పరిశోధన కేంద్రం మిర్చి, పత్తి, అపరాల మీద దశాబ్దాలుగా పనిచేస్తోంది. అక్కడ రూపొందిన ఎల్‌సీఏ 334 మిర్చి రకం గుంటూరు రైతులకు బాగా తెలిసిన పేరు. రైతు విత్తనం వేసి, దిగుబడి తీసి, యార్డుకు తెచ్చి అమ్మితేనే ఆ పరిశోధనకు మార్కులు పడేది. 1964లో ఏర్పడిన ఆంధ్రప్రదేశ్ వ్యవసాయ విశ్వవిద్యాలయం బోధన, పరిశోధన, విస్తరణ మూడూ ఒకే చేతి కింద ఉండాలన్న అమెరికన్ ల్యాండ్ గ్రాంట్ నమూనాను అనుసరించింది. కాన్సస్ స్టేట్ విశ్వవిద్యాలయం అందుకు సాయపడింది. ఐసీఎస్ అధికారి ఓ. పుల్లారెడ్డి తొలి వైస్ ఛాన్సలర్. 1996లో రంగా పేరు చేరింది, రాష్ట్ర విభజన తర్వాత ప్రధాన కార్యాలయం లాంకు వచ్చింది. ఇలాంటి సంస్థలో ఒక వీసీ ఘనత విత్తన రకం మీద ఆయన పేరుగా ఉండదు. శాస్త్రవేత్తలకు పొలం, కూలీల డబ్బు, బదిలీల బెడద లేని పదేళ్లు సమకూర్చడంలో ఉంటుంది. ఆ పని ఏ సన్మానపత్రంలోనూ చోటు చేసుకోదు.

ఇదే కోవలో జి. రాంరెడ్డిని చెప్పుకోవాలి. 1982లో ఆంధ్రప్రదేశ్ సార్వత్రిక విశ్వవిద్యాలయానికి తొలి వైస్ ఛాన్సలర్‌గా, 1985లో ఇందిరాగాంధీ జాతీయ సార్వత్రిక విశ్వవిద్యాలయానికి తొలి సారథిగా, 1991 నుంచి యూజీసీ ఛైర్మన్‌గా పనిచేశారు. ఇంటర్ దగ్గర చదువు ఆగిపోయి, ఉద్యోగమో వ్యవసాయమో చేసుకుంటూ ఆదివారం క్లాసులకు వెళ్లి డిగ్రీ పట్టా పొందినవారు తెలుగు నేల మీద కోకొల్లలు. ఉస్మానియాలో దూరవిద్య కేంద్రానికి ఆయన పేరే పెట్టారు. పేరుకూ పనికీ ఇంత దగ్గరి బంధం అరుదు.

అమెరికాలో ఎలా

అక్కడ ప్రెసిడెంట్ అనే హోదాలో ఉండే విశ్వవిద్యాలయ సారథిని ట్రస్టీల బోర్డు ఎంచుకుంటుంది, పనితీరు నచ్చినంతకాలం కొనసాగిస్తుంది. నోటర్‌డామ్ విశ్వవిద్యాలయానికి థియోడర్ హెస్‌బర్గ్ 1952 నుంచి 1987 వరకు ప్రెసిడెంట్‌గా ఉన్నారు. పౌరహక్కుల కమిషన్‌లో 1957 నుంచి సభ్యుడిగా, తర్వాత అధ్యక్షుడిగా పనిచేశారు. నిక్సన్ ప్రభుత్వాన్ని విమర్శించి ఆ పదవి పోగొట్టుకున్నారు. 1964లో ప్రెసిడెన్షియల్ మెడల్ ఆఫ్ ఫ్రీడమ్, 2000లో కాంగ్రెస్ బంగారు పతకం లభించాయి. గ్రంథాలయానికి పేరు పెట్టింది మాత్రం ఆయన పదవి దిగిన 1987లో. అక్కడి చట్టసభలు విశ్వవిద్యాలయ సారథుల సేవను కొనియాడుతూ తీర్మానాలు చేయడం మామూలే. మన శాసనసభలో ఆ ఆనవాయితీ లేదు. సంతాప తీర్మానాలే ఎక్కువ.

పేరు తీసేయాల్సి వచ్చిన సందర్భాలూ అక్కడున్నాయి. ప్రిన్స్‌టన్ ప్రెసిడెంట్‌గా 1902–10 మధ్య పనిచేసి, తర్వాత దేశాధ్యక్షుడైన వుడ్రో విల్సన్ పేరు అక్కడి ప్రజావ్యవహారాల విభాగానికి ఉండేది. ప్రభుత్వోద్యోగాల్లో నల్లజాతివారిని వేరుచేసిన ఆయన విధానాల వల్ల 2020 జూన్‌లో ఆ పేరు తొలగించారు. గౌరవం ఒకసారి ఇస్తే శాశ్వతం అనుకోవడానికి లేదని, తిరిగి పరిశీలించే పద్ధతి కూడా ముందే రాసుకోవాలని అక్కడి సంస్థలు నేర్చుకున్నాయి.

రెండు దేశాల మధ్య ఒక్క తేడా కీలకం. అమెరికాలో హెస్‌బర్గ్‌ను ముప్పై అయిదేళ్ల పనిని చూసి గౌరవించారు. ఇక్కడ మూడేళ్లలో వచ్చి వెళ్లేవారిని ఆ స్థాయిలో అంచనా వేయడమే సాధ్యం కాదు.

సన్మానపత్రంలో ఏముంటుంది

'విద్యావాచస్పతి', 'పరిపాలనాదక్షులు', 'నిరాడంబరులు', 'నిగర్వి'. సన్మానపత్రాల్లో కనిపించే ఈ విశేషణాలు ఎవరికైనా సరిపోతాయి. పేరు మార్చి మరొకరికి చదివినా సభలో ఎవరికీ తేడా తెలియదు. అదే పత్రంలో 'పల్నాడు మారుమూల ఊరి విద్యార్థి ఒరిజినల్ డిగ్రీ కోసం నాగార్జున నగర్‌కు మూడుసార్లు రావాల్సిన అవసరం లేకుండా చేశారు' అని రాయగలిగితే, అది నిజమైతే, ఆ ఒక్క వాక్యం పద్యాలకంటే బరువుగా ఉంటుంది. ఫలితాలు పరీక్ష ముగిసిన ఎన్నాళ్లకు వచ్చాయి, రీవాల్యుయేషన్ ఎంత తొందరగా తేలింది, హాస్టల్ మెస్ బిల్లులు ఎవరిని చదువు మానిపించాయి, ఎవరిని మాన్పించకుండా ఆపగలిగారు, అధ్యాపక ఖాళీల్లో ఎన్ని నిండాయి. నాయకత్వం కనిపించేది ఈ వివరాల్లోనే. ఇవన్నీ రికార్డుల్లో ఉన్నవే, సమాచార హక్కు కింద ఎవరైనా అడగవచ్చు.

సన్మానం చేసేది ఎవరన్నదీ ముఖ్యమే. అనుబంధ కళాశాలల యాజమాన్యాలు ఖర్చు పెట్టి వీసీకి సభ జరిపితే, అదే కళాశాలల అనుబంధం, తనిఖీ, సీట్ల ఫైళ్లు అదే వీసీ కార్యాలయానికి వస్తాయి. ఎవరి ఉద్దేశాన్నీ శంకించకుండానే ఇక్కడ ఇబ్బంది ఉందని చెప్పవచ్చు. కేంద్ర ప్రభుత్వ ఉద్యోగుల ప్రవర్తనా నియమావళి (1964) 14వ నిబంధన ఈ ప్రమాదాన్ని ముందే గుర్తించింది. ముందస్తు అనుమతి లేకుండా ఉద్యోగి అభినందనపత్రం స్వీకరించరాదు, తన గౌరవార్థం జరిగే సభకు వెళ్లరాదు. బదిలీ, పదవీ విరమణ సందర్భంగా జరిగే ప్రైవేటు వీడ్కోలు విందు వంటివాటికి మినహాయింపు ఉంది. ఈ నిబంధన రాష్ట్ర వైస్ ఛాన్సలర్లకు నేరుగా వర్తించేది కాదు. దాని వెనక ఉన్న తర్కం మాత్రం వర్తిస్తుంది. సాటి అధ్యాపకులూ పూర్వ విద్యార్థులూ చందాలు వేసుకుని, పదవి దిగాక చేసే సభకు ఈ చిక్కు రాదు. అలాంటి సభలోనే పొగడ్తకు విలువ ఎక్కువ, ఎందుకంటే పొగిడేవారికి ఇక ఆయన నుంచి ఆశించేదేమీ ఉండదు.

ముందున్న పని

2025 ఫిబ్రవరిలో నియమితులైన వీసీల మూడేళ్లు 2028 ఫిబ్రవరిలో పూర్తవుతాయి. ఈలోగా ఆంధ్ర విశ్వవిద్యాలయ శతాబ్ది సందర్భంగా పాత సారథుల పేరిట కొత్త ధర్మనిధుల ప్రతిపాదనలు, భవనాల పేర్ల డిమాండ్లు రావచ్చు. నాగార్జున విశ్వవిద్యాలయం కూడా 2026లో యాభై ఏళ్లు పూర్తి చేసుకుంటుంది కాబట్టి అక్కడా ఇవే ప్రశ్నలు వస్తాయి. పాలకమండలులు ఇప్పుడే మూడు నియమాలు రాసి ఉంచుకోగలవు. పదవి దిగి కనీసం ఐదేళ్లయినవారి పేర్లే పరిశీలించాలి. ధర్మనిధి వడ్డీలో కొంత తప్పనిసరిగా అసలుకు చేర్చాలి. పేరు పెట్టే తీర్మానంలో ఆ వ్యక్తి చేసిన పనిని ఆధారాలతో నమోదు చేయాలి. వీటికి చట్ట సవరణ అక్కర్లేదు, ఒక సమావేశంలో తీర్మానం చాలు.